కనుమ వెళ్లాక ఊళ్లో మిగిలే పెద్దల సంగతి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాద్–విజయవాడ రహదారిలో టోల్‌ప్లాజాల దగ్గర బారులు తీరిన కార్లు, కిక్కిరిసిన రైళ్లు, కోడిపందేల బరులు పత్రికల నిండా కనిపిస్తాయి. ఆ కార్లు తిరుగుముఖం పట్టాక ఊళ్లో మిగిలే పెద్దవాళ్ల మనసు ఎలా ఉంటుందన్నది మాత్రం వార్త కావడం లేదు. కోనసీమలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను ఏటా చూస్తున్న ఈ సంగతిని పాఠకుల, అధికారుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

కనుమనాడు కాకైనా కదలదంటారు గానీ, సెలవులు చాలక ఆ సాయంత్రానికే ప్రయాణాలు మొదలవుతున్నాయి. మా వీధిలో ఒకావిడ పిల్లలు వెళ్లాక చాలా రోజులు సరిగా అన్నం తినలేదు. అడిగితే కాళ్లు లాగుతున్నాయని, నిద్ర పట్టడం లేదని చెప్పారే తప్ప దిగులుగా ఉందని ఒక్కసారీ అనలేదు. చివరికి నీరసమని సెలైన్ పెట్టించుకుని వచ్చారు. పెద్ద వయసులో కుంగుబాటు తరచూ ఇలా ఒంటినొప్పులుగా, నిద్రలేమిగా, ఆకలి మందగించడంగా బయటపడుతుందని వైద్యులు చెబుతారు. మనం అదంతా వయసు మీద పడటమేననుకుని వదిలేస్తున్నాం.

ఏడాదిలోపు ఇంట్లో మనిషి పోయినవారికి పండగ మరీ బరువు. సంక్రాంతినాడు పెద్దలకు బట్టలు పెట్టుకునే ఆచారంలో పోయినవారిని తలచుకోవడానికి, నలుగురిలో వారి గురించి చెప్పుకోవడానికి వీలుంది. ‘పండగ పూట కంటనీరు పెట్టకూడదు’ అంటూ ఆ వీలునూ మూసేస్తున్నాం. భర్త పోయిన స్త్రీని బొమ్మల కొలువు పేరంటానికి పిలవకపోవడం ఇప్పటికీ ఉంది. దీన్ని క్రూరత్వమనడానికి నేను సంకోచించను.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవల ద్వారా మానసిక చికిత్స పొందడాన్ని ప్రతి వ్యక్తికీ హక్కుగా ఇచ్చింది. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మా ఊళ్లో నేను అడిగిన పెద్దలెవరికీ ఈ నంబరు తెలియదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అధికారులు చొరవ తీసుకుని, కనుమ తర్వాతి రోజుల్లో ఆశా కార్యకర్తలను ఒంటరి వృద్ధుల ఇళ్లకు పంపితే ఎంతో మేలు జరుగుతుంది. గత రెండు వారాలుగా పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా, నిరాశగా ఉంటోందా అన్న రెండు ప్రశ్నలతోనే వైద్యులు తొలి వడపోత చేస్తారు. బీపీ, షుగరు వివరాలు కనుక్కునేటప్పుడే వాటినీ అడిగి, అవునన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపవచ్చు.

పిల్లలకు కూడా ఒక మాట. ‘మందులు వేసుకున్నావా’ అని అడిగి ఫోన్ పెట్టేయకుండా, వారంలో ఒక వేళ చెప్పి ఆ వేళకు తీరిగ్గా మాట్లాడండి. ఇంట్లో ఎవరైనా మానసిక సమస్యకు మందులు వాడుతుంటే పండగ హడావుడిలో అవి ఆగిపోకుండా చూడండి.

మీ సంక్రాంతి ప్రత్యేక సంచికలో పిండివంటల పేజీలోనే 14416 నంబరును, పెద్దలు చదవగలిగినంత పెద్ద అక్షరాల్లో ముద్రించాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
అమలాపురం