ముందు పెద్దమ్మ గారిని ఒప్పించు

బొబ్బిలి,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మలుకు నాన్న దీవించి వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఒంటి మీద గడ్డలు లేచి, మీ ఇంటి మెట్ల కింద కట్టేసి ఉన్న కుక్క గురించి నువ్వు ఫోనులో అడిగినది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఉత్తరం వ్రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు.

ఇంటి యజమానురాలి మీద పోలీసు ఫిర్యాదు ఇద్దామా, లేకపోతే ఆవిడ ఊరికి వెళ్లినప్పుడు కుక్కను విప్పి తీసుకుపోదామా అని అడిగావు. రెండూ వద్దు. జంతువులపై క్రూరత్వ నివారణకు 1960లో చేసిన చట్టం ఉన్న మాట నిజమే. పెంపుడు జంతువుకు తిండి, నీరు, నీడ చాలినంత ఇవ్వకపోవడం ఆ చట్టంలోని 11వ సెక్షను ప్రకారం నేరమే. అయితే ఆ సెక్షను కింద మొదటి తప్పుకు పడే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా మాత్రమే. ఆ డబ్బు ఆవిడ కట్టేస్తుంది, కుక్క మెట్ల కిందే ఉంటుంది, నీకు మాత్రం ఆ గుమ్మంలోకి మళ్లీ అడుగు పెట్టే వీలుండదు. దొంగతనంగా తీసుకుపోవడం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఎవరైనా కుక్కను కొడుతుంటే ఆపాలన్నా, కొట్టి చంపబోతుంటే అడ్డుపడాలన్నా చట్టం పట్టుకోవలసిందే. కానీ ఇక్కడ నాకు కనిపించినది క్రూరత్వం కాదు.

పోయిన వారం నేను రాజాం వచ్చినప్పుడు, నువ్వు పైన టీ పెడుతున్నంతసేపూ కింద అరుగు మీద మీ ఇంటి యజమానురాలు పెద్దమ్మ గారితో మాట్లాడుతూ కూర్చున్నాను. “ఇది మా ఆయన తెచ్చిన కుక్క బావూ. ఆయన పోయినకాడి నుంచి దీని మొకం సూసినోలు నేరు. నాకే సెయ్యీ కాలూ ఆడతన్నాయి కావు, దీన్నేటి సేసుకోను?” అన్నది ఆవిడ. తాను తాగగా మిగిలిన చోడి అంబలి దానికి పోస్తోంది, అంతకు మించి చేతకావడం లేదు. గడ్డలు అంటుకుంటాయని ఎదురింటివాళ్లు భయపెట్టారట. అందుకే గిన్నెను కర్రతో తోసి పెడుతోంది. నిర్లక్ష్యం చూసినప్పుడల్లా దాని వెనక దుర్మార్గం ఉందని అనుకోకు. చాలా ఇళ్లలో దాని వెనక ఉండేది ముసలితనం, భయం, డాక్టరు ఎంత అడుగుతాడో అన్న బెంగ.

నేను దానిని తాకి చూసింది ఆవిడ గొలుసు పట్టుకుని కూర్చున్న తరువాతే. వెనక కాళ్ల వైపున్న చన్నుల దగ్గర నిమ్మకాయంత గడ్డ ఒకటి గట్టిగా ఉంది. సిమెంటు నేలకు రాసుకుని దాని మీద చర్మం లేచిపోయి, ఈగలు వాలుతున్నాయి. దాని పక్కనే శనగ గింజలంతేసి గడ్డలు కొన్ని వరుసగా తగిలాయి. పక్కటెముకల మీద ఉన్నది వేరు రకం, మెత్తగా ఉండి వేలు పెడితే చర్మం కింద అటూ ఇటూ జారుతోంది. దవడల కింద రెండు వైపులా బిళ్లలు కట్టి ఉన్నాయి. చెవుల లోపల పిడుదులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. ఇన్ని చూసినా ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పలేను. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా బతుకంతా గడిపినవాడిని కాబట్టే చెప్పనంటున్నాను.

గజపతినగరం వైపు పనిచేసే రోజుల్లో మెడ చుట్టూ గడ్డలు లేచిన కుక్కను ఒకదాన్ని తెచ్చారు. వీధి వీధంతా దానికి క్యాన్సరని తేల్చేసింది. డాక్టరు గారు అక్కడ వెంట్రుకలు కత్తిరించమన్నారు. కత్తిరించి చూస్తే మాంసం మధ్యలో నీలి రంగు నైలాను తాడు పోగు కనిపించింది. కూనగా ఉన్నప్పుడు ఎవరో కట్టి మరిచిపోయిన తాడు అది, కుక్క పెరిగినకొద్దీ కోసుకుంటూ లోపలికి దిగింది. తాడు తీసి, పుండు కడిగి, మందులిస్తే మానిపోయింది. ఆ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మీ కుక్క మెడ గొలుసు కింద కూడా వేలు పెట్టి చూడమని డాక్టరుకు గుర్తు చెయ్యి. అక్కడ వెంట్రుకలు ఊడి, చర్మం నల్లబడి ఉంది.

ఏమై ఉండవచ్చో మాత్రం నీకు తెలియడం మంచిది. ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మళ్లాక చన్నుల వెంట గడ్డలు రావడం చాలా మామూలు, అందులోనూ వెనక జతల దగ్గర ఎక్కువ. వాటిలో సుమారు సగం ప్రమాదం లేనివి, మిగిలిన సగం క్యాన్సరు గడ్డలు. క్యాన్సరైతే ఊపిరితిత్తులకు పాకే స్వభావం ఉంటుంది కాబట్టి కోసే ముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పక్కటెముకల మీద జారే గడ్డ ఉత్త కొవ్వు గడ్డే కావచ్చు, కొవ్వు గడ్డ వల్ల సాధారణంగా హాని లేదు. కానీ మాస్ట్ కణాల గడ్డ అనే క్యాన్సరు ఒకటి ఉంది, అది ఒక్కోసారి చేతికి అచ్చం కొవ్వు గడ్డలాగే తగులుతుంది. దాన్ని పిసికితే అందులోని హిస్టమిన్ అనే రసాయనం బయటపడి చుట్టూ వాచిపోవచ్చు, కుక్కకు వాంతులు కూడా కావచ్చు. కాబట్టి చూడాలనే ఆత్రంలో ఎవరూ వాటిని నొక్కకూడదు. దవడ కింద బిళ్లలు పళ్లు చెడినా కడతాయి, పిడుదుల జ్వరం వల్లా కడతాయి, లింఫోమా అనే క్యాన్సరులోనూ కడతాయి. వీధి కుక్కలతో తిరిగినది కాబట్టి మరొకటీ గుర్తుంచుకో. జతకట్టడం వల్ల ఒకదాని నుంచి మరొకదానికి అంటుకునే గడ్డ ఉంది, మన దేశపు వీధి కుక్కల్లో తరచు కనిపిస్తుంది, జననాంగం నుంచి నెత్తురు చుక్కలు పడుతుంటాయి. పేరుకు భయంకరంగా ఉన్నా, వారానికొకసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షను నరానికి ఇస్తే చాలా కుక్కలకు పూర్తిగా నయమవుతుంది. ఇది కుక్క నుంచి కుక్కకు వచ్చేదే కాని మనుషులకు అంటదు. ఎదురింటివాళ్ల భయం గురించి పెద్దమ్మ గారితో మాట్లాడేటప్పుడు ఈ మాట తప్పక చెప్పు.

వీటిలో ఏది ఏదో తేల్చడానికి మొదట చేసేది చాలా చిన్న పని. మామూలు ఇంజెక్షను సూదిని గడ్డలోకి గుచ్చి, లోపలి కణాలను కొన్ని లాగి, గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. మత్తు కూడా అక్కరలేకుండానే చాలాసార్లు అయిపోతుంది. లోపల ఉన్నది కొవ్వా, చీము పట్టినదా, మాస్ట్ కణాలా అన్నది అప్పటికప్పుడే తెలిసే అవకాశం ఎక్కువ. చన్నుల గడ్డ విషయంలో మాత్రం సూదితో పూర్తిగా తేలదు. దాన్ని తీసేసి, కుళ్లకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో వేసి పరీక్షకు పంపితేనే దాని స్వభావం బయటపడుతుంది. ఈ లోపల రక్త పరీక్ష జరగాలి. పిడుదుల జ్వరం ఉన్న కుక్కకు నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు చాలాసార్లు తగ్గిపోయి ఉంటాయి. అది చూసుకోకుండా కత్తి పెడితే రక్తస్రావం ఆగదు. జ్వరమే ఉంటే ముందు కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ అనే మందు వాడి, తరువాత ఆపరేషన్ పెట్టుకుంటారు. గడ్డ చూసిన రోజే కోసెయ్యమని డాక్టరును తొందరపెట్టవద్దని చెప్పడానికే ఇదంతా వ్రాశాను.

ఇప్పుడు పెద్దమ్మ గారి సంగతి. ఆవిడ లేకుండా ఈ పని జరగదని నేను అనడం మర్యాద కోసం కాదు. మొదటి గడ్డ ఎప్పుడు కనిపించింది, ఏది ఎంత వేగంగా పెరిగింది, కుక్క ఆఖరుసారి ఎదకు ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు ఈనింది, నీళ్లు ఎక్కువ తాగుతోందా, దగ్గుతోందా అని డాక్టరు అడుగుతారు. వీటిలో ఒక్కదానికి కూడా నీ దగ్గర జవాబు లేదు. ఆపరేషన్‌కు సంతకం పెట్టవలసింది ఆవిడే. కుట్లు మానేదాకా, అంటే 10 నుంచి 14 రోజుల పాటు, కుక్క గాయాన్ని నాకకుండా, మట్టిలో పొర్లకుండా కాచుకోవలసినదీ ఆవిడ వాకిట్లోనే. నువ్వు ఉద్యోగానికి పోయిన తరువాత దాని దగ్గర ఉండే మనిషి ఆవిడ ఒక్కతే.

అందుచేత ముందు వెళ్లి ఆవిడ పక్కన కూర్చో. గడ్డల మాట ఎత్తకుండా, పెద్దాయన ఆ కుక్కను ఎక్కడి నుంచి తెచ్చారో అడుగు, ఆవిడే చెప్పుకుంటూ వస్తుంది. ఆ తరువాత “నాన్న చూశారు, ఒకసారి డాక్టరుకు చూపిస్తే మంచిదన్నారు, మీరు కూడా రావాలి, మీ మాటైతేనే అది వింటుంది” అను. డబ్బు ఊసు నువ్వుగా తేకు. ఆవిడ అడిగితే, సర్కారు ఆసుపత్రే కాబట్టి చూపించడానికి పెద్దగా కాదని, బయట కొనవలసిన మందులు నాన్న తెస్తారని చెప్పు. మొత్తం మనమే పెట్టుకుంటామని ఒక్కసారిగా అనేస్తే ఆవిడకు చిన్నతనంగా ఉంటుంది. ఆటో మాట్లాడే పని ఆవిడకే వదిలెయ్యి. ఆ వీధి ఆటోవాళ్లందరూ ఆవిడ ఎరిగినవాళ్లే, నీకంటే తక్కువకు తెస్తుంది. నయమైపోతుందని మాత్రం మాట ఇవ్వకు. జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని తేలితే నొప్పి తెలియకుండా మందులు వాడుకోవడమే మిగలవచ్చు, లేదా బాధ లేకుండా నిద్రపుచ్చమని డాక్టరే అనవచ్చు. ఆ నిర్ణయం కూడా ఆవిడదే.

ఈ లోపల చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఒక కాగితం మీద కుక్క బొమ్మ గీసి, గడ్డ ఉన్న చోటల్లా సున్నా చుట్టి, పక్కన తేదీ వెయ్యి. కుదిరితే రూపాయి బిళ్ల దగ్గర పెట్టి ఫోటో తియ్యి, పెరుగుదల తెలుస్తుంది. పుండు పడిన చోట ఈగ గుడ్లు పెడితే పురుగులు పడతాయి కాబట్టి, ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో పెద్దమ్మ గారు కడిగితే చాలు. మెట్ల కింద ఒక పాత గోనె పరిస్తే నేల ఒరిపిడి తగ్గుతుంది. కాలిన ఇంజను ఆయిలు పూయమని, వాత పెట్టమని ఎవరో ఒకరు తప్పకుండా వచ్చి చెబుతారు, ఆ పని చేయనివ్వకు. ఆయిలును అది నాకి కడుపులోకి దింపుకుంటుంది. నొప్పిగా ఉందని జాలిపడి మన ఇంట్లోని పారాసిటమాలు, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలు వెయ్యకు. మనకు పనిచేసే మోతాదు కుక్క కడుపునో, కాలేయాన్నో, మూత్రపిండాలనో దెబ్బతీస్తుంది. పిడుదులను చేత్తో పీకి నలపడం కూడా వద్దు, వాటికి మందు డాక్టరే ఇస్తారు.

ఎంత మంచి కుక్కైనా నొప్పి ఉన్న చోట చెయ్యి తగిలితే కరుస్తుంది. దానికి రేబిస్ టీకా వేయించినట్టు పెద్దమ్మ గారికి జ్ఞాపకం లేదు. బయలుదేరే ముందు మెత్తటి గుడ్డ పీలికతో మూతికి చుట్టు వేసి, దవడ కింద ముడి తిప్పి, రెండు కొసలూ చెవుల వెనక్కి తెచ్చి కట్టాలి. వగరుస్తున్నా, వాంతి చేసుకుంటున్నా ఆ కట్టు వెయ్యకూడదు. కట్టేది నేనే, నువ్వు ప్రయత్నించకు. పన్ను గీసుకున్నా సరే, పావుగంట సేపు సబ్బుతో ధారగా నీళ్ల కింద కడిగి, అదే రోజు సర్కారు ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టించుకోవాలి.

ఇక ఎక్కడికి అన్నది. ముందు రాజాంలోని పశువుల ఆసుపత్రికి నువ్వొక్కదానివే పొద్దున్నే వెళ్లి, ఆ కాగితమూ ఫోటోలూ డాక్టరుకు చూపించి రా. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది గాని, అది ముఖ్యంగా పాడి పశువులకు, గొర్రెలకు, మేకలకు పెట్టినది. అడిగేటట్లయితే కుక్క అని మొదటే చెప్పి అడుగు. ఎక్స్‌రే, కణాల పరీక్ష, ఆపరేషన్ అన్నీ కావలసి వస్తాయి కాబట్టి రాజాం డాక్టరు గరివిడి పశువైద్య కళాశాలకే పంపుతారని నా అంచనా. అది తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే కళాశాల. అక్కడ శస్త్రచికిత్సకు, రోగ నిర్ధారణకు వేరువేరు నిపుణులుంటారు, పిల్లలు నేర్చుకునే చోటు కాబట్టి ఓపికగా చూస్తారు కూడా. చీపురుపల్లి మీదుగా ఆటోలో పోవచ్చు. ఎండ ఎక్కకముందే చేరేటట్టు బయలుదేరాలి. ఆ రోజు మత్తు ఇచ్చే అవసరం ఉంటుందా అని ముందు రోజే అడిగి తెలుసుకో, ఉంటుందంటే రాత్రి నుంచి అంబలి పోయవద్దని పెద్దమ్మ గారికి చెప్పాలి. నీళ్లు ఎప్పటిదాకా ఇవ్వవచ్చో కూడా అప్పుడే అడుగు. గడ్డలు తీసేటప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయవచ్చేమో, రేబిస్ టీకా ఎప్పుడు వేయిస్తే మంచిదో కనుక్కోవడం మరిచిపోకు.

పెద్దమ్మ గారు సరేనన్న రోజు సాయంత్రం నాకు ఫోను చెయ్యి. మర్నాడు తొలి బస్సుకు బయలుదేరి వస్తాను. మూతికట్టుకు మెత్తటి నూలు పీలికలు, ఆటోలో పరచడానికి పాత దుప్పటి అమ్మ మూట కట్టి సిద్ధంగా ఉంచింది. ఆవిడ మొదటిసారి వద్దంటే అక్కడితో ఊరుకో, వాదించకు. వచ్చే వారం నేనే వచ్చి అరుగు మీద కూర్చుని మళ్లీ అడుగుతాను.

ఇట్లు,
మీ నాన్న.