మా బొక్కలు ఏఐకి అర్థమైతయా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన నెల మా మండలంల ఫ్రీ హెల్త్ క్యాంపు పెడితే మా అమ్మని తీస్కపోయిన. నడుం ఎక్స్‌రే తీసిన్రు, రక్తం తీసిన్రు, నాలుగు పేజీల ఒప్పుకోలు కాగితం ఇచ్చిన్రు, మొత్తం ఇంగ్లీషే. ఇదేందన్నా అంటే "ఏం లేదు, వేలిముద్ర ఏయించు, ఎనక లైన్ ఉంది" అన్నడు క్యాంపుల ఉన్నాయన. ఏసింది. రెండ్రోజులకి ఫోన్ల రిపోర్ట్ వచ్చింది, ఏఐ చూసిందట, బొక్కలు గట్టిగున్నయట!

మా అమ్మ పుట్టిల్లు మర్రిగూడ దిక్కు. చిన్నప్పటిసంది తాగింది ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళే. ఫ్లోరైడ్ పట్టిన బొక్క ఎక్స్‌రేల తెల్లగ చిక్కగ కనవడ్తది గని పెళుసుగుంటది, ఎన్నుపూస బిగుసుకపోతది, ఇది మా నల్లగొండల చదువురానోళ్ళకి గుడ తెలుసు. మరి ఆ ఏఐకి ఏ ఊరోళ్ళ ఎక్స్‌రేలు చూపిచ్చి నేర్పిన్రో. అమెరికాల ఒక సాఫ్ట్‌వేర్ గిట్లనే, ఎవరి వైద్యానికి ఎంత ఖర్చైందో చూసి ఎవరికి ఎక్కువ రోగముందో లెక్క గట్టిందట, నల్లజాతోళ్ళ మీద పెట్టిన ఖర్చే తక్కువ కాబట్టి వాళ్ళు బాగనే ఉన్నరనుకుంది, 2019ల బయటపడ్డది. ఇగ మన దగ్గర పైసల్లేక దవాఖానకే పోనోడు ఆ లెక్కల యాడుంటడు?

నేను టెక్నాలజీ వద్దంటలేను. రక్తంల జీన్స్ చూస్తే మేలు గుడ ఉంది. వైశ్యుల్ల కొందరికి ఆపరేషన్ టైంల కండరాలు సడలనీకి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు తొందరగ దిగదు, గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సొస్తది, కారణం అమ్మానాయినల నుంచి వచ్చే జీన్స్‌లనే ఉంది. ముందే తెలిస్తే వేరే మందు ఇస్తరు, అది నిజంగ మేలే. కాని అదే సంగతి ఇన్సూరెన్సోడి చేతిల పడితే, సంబంధాలు చూసేటోళ్ళ చెవిన పడితే? 23అండ్‌మీ అని ఉమ్మితో జీన్స్ టెస్టు చేసే కంపెనీ నుంచి 2023ల దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయినయి, 2025ల ఆ కంపెనీ దివాలా పిటిషన్ ఏసింది. పైగా రక్తంల ఉండే జీన్స్ అమ్మ ఒక్కదానియే కాదు గద సార్, ఆమె వేలిముద్ర ఏస్తే మా అన్నదమ్ములది సగం, మా పిల్లలది పావు వంతు గుడ ఇచ్చినట్టే, మమ్మల్ని ఎవరు అడిగిన్రు?

జనం సొంత వివరాలు కాపాడనీకి మన దేశంల తెచ్చిన 2023 డేటా చట్టంలనే ఉంది, ఒప్పుకోలు అడిగే కాగితం తెలుగుల గుడ చదువుకునే వీలు ఉండాలని. క్యాంపులకి పర్మిషన్ ఇచ్చే ఆఫీసర్లు ఆ ఒక్క కాగితం చూడాలె, ఏఐ రిపోర్ట్ కింద డాక్టర్ సంతకం లేకుంటే జనం చేతికి ఇయ్యొద్దనాలె.

అమ్మని మళ్ళ నల్లగొండ తీస్కపోయి చూపిచ్చిన. ఆ పెద్ద డాక్టర్ ఫిల్మ్ చేతిలకి తీస్కోకముందే అడిగిండు, "ఏ ఊరమ్మా మీది?" అని.

- ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా