దివాలా తీసినా భద్రత బాధ్యత పోదు

అందరికీ నమస్కారం.

కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లిన సంగతి తెలిసిందే. జీతాల టెన్షన్ అందరికీ ఉంది, దాని గురించి విడిగా మాట్లాడుకుందాం. ఇది భద్రత గురించి.

డబ్బు లేదన్నంత మాత్రాన ఈ బాధ్యత రద్దు కాదు. సైట్ ఎవరి అధీనంలో ఉంటే పూచీ వాళ్లది. ఇప్పుడది దివాలా వ్యవహారం చూస్తున్న అధికారి చేతిలో ఉంది. ఆయనకు లెక్కలు తెలుసు, మన బాయిలర్ సంగతి తెలియదు. మనమే చెప్పాలి.

శనివారం సాయంత్రం 4 గంటలకు ఆయనతో మీటింగ్, గేటు దగ్గర.

మెయింటెనెన్స్ వాళ్లు బాయిలర్, క్రేన్, లిఫ్టు తనిఖీ గడువులు రాసుకుని రండి.
స్టోర్స్ వాళ్లు గ్యాస్ సిలిండర్లు, యాసిడ్ డ్రమ్ములు ఎక్కడెన్ని ఉన్నాయో లిస్టు తేవాలి.

ఫైర్ అలారానికి కరెంటు ఆపొద్దని గట్టిగా అడుగుదాం. అసలు ప్రమాదం మెషీన్లు అమ్మేటప్పుడే. కొన్నవాళ్లు హడావిడిగా విప్పేస్తారు. లైన్లో కరెంటు, పైపులో ప్రెజర్ ఉన్నాయేమో చూసుకోరు. మీరూ ఎవరి మాటా విని ఒంటరిగా లోపలికి వెళ్లకండి.

రసాయనాల సెక్షన్ వాళ్లు మీ ఆరోగ్య పరీక్షల కాపీలు ఇప్పుడే అడిగి తీసుకోండి. ఆఫీసు ఖాళీ అయ్యాక వెతకడం కష్టం.

రాలేనివాళ్లు శుక్రవారం లోపు ఇక్కడే మెసేజ్ పెట్టండి.