ఇంటర్న్‌షిప్‌కు ఫ్లోరెన్స్ లాంటి ఊరు ఎందుకు?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

విదేశాల్లో ఇంటర్న్‌షిప్ అన్న మాట వచ్చినప్పుడు ఇళ్లలో ముందుగా అడిగేది ఏ కంపెనీ అని, ఆ తరువాత స్టైపెండ్ ఎంత అని. ఏ ఊళ్లో అన్నది చివరన వస్తుంది. వచ్చినా అద్దెల దగ్గరో చలి దగ్గరో ఆగిపోతుంది. పత్రికల విద్యా పేజీలు కూడా దాదాపు ఇదే వరుసలో నడుస్తున్నాయి. ఈ వరుసను తిరగేయాలని నా అనుభవం చెబుతోంది. కొన్ని పనులకు ఊరే అసలు బడి, మనం చేరే సంస్థ అందులో ఒక గది. ఇటలీలోని ఫ్లోరెన్స్ అలాంటి ఊరు. అక్కడ పాత పుస్తకాలను, కాగితాలను బాగుచేసే ఒక చిన్న వర్క్‌షాపులో ఆరు నెలలు ఇంటర్న్‌గా పనిచేసి వచ్చాను కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కాగితం పని నేర్చుకోవడానికి అంత దూరం వెళ్లాలా అని నన్ను చాలామంది అడిగారు. దానికి జవాబు 1966 నవంబరు 4వ తేదీలో ఉంది. ఆ తెల్లవారుజామున ఆర్నో నది గట్టు దాటి నగరంలోకి వచ్చింది. సాంతా క్రోచే చర్చి పరిసరాల్లో నీరు ఆరు మీటర్లు దాటింది. చలికాలం కోసం నేలమాళిగల్లో నిల్వ చేసుకున్న హీటింగ్ ఆయిల్ ఆ నీటిలో కలిసి, బురదతో పాటు గోడలకూ బొమ్మలకూ పుస్తకాలకూ పట్టేసింది. నది ఒడ్డునే ఉన్న జాతీయ కేంద్ర గ్రంథాలయంలో పుస్తకాలు, పత్రికలు, రాతప్రతులు కలిపి పది లక్షలకు పైగా తడిసి పాడయ్యాయి. ఎక్కడెక్కడి దేశాల నుంచో వచ్చిన యువతీయువకులు వరుసగా నిలబడి, ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి అందిస్తూ వాటిని పైకి తెచ్చారు. వాళ్లను ఇటలీవారు ఇప్పటికీ ‘బురద దేవదూతలు’ అనే పిలుచుకుంటారు. బ్రిటన్ నుంచి వెళ్లిన పీటర్ వాటర్స్ అనే బైండర్, ఆయన సహచరులు ఆ గ్రంథాలయంలో పనికి ఒక క్రమం ఏర్పరచారు: ప్రతి పుస్తకానికీ ఒక కార్డు, దాని మీద ఆ పుస్తకానికి ఏమేం చెయ్యాలో గుర్తులు, విప్పడం దగ్గర్నుంచి కడగడం, ఆరబెట్టడం, మళ్లీ కుట్టడం దాకా. పుస్తక సంరక్షణ ఒక వృత్తిగా నిలదొక్కుకోవడంలో ఆ ఏళ్లు పెద్ద మలుపు. ఆ నష్టం జరిగిన చోటే, దానికి మందు కనుక్కున్న చోటే ఆ పని నేర్చుకునే అవకాశం ఉన్నప్పుడు దూరం లెక్కలోకి రాదనుకున్నాను.

నేను చేరిన వర్క్‌షాపు నదికి అవతలి ఒడ్డున, ఓల్త్రార్నో అనే పేటలో ఉండేది. పనివారు ముగ్గురే. మొదటి రెండు వారాలు నన్ను పాత కాగితం ముట్టుకోనివ్వలేదు. గోధుమ పిండితో గంజి కాచడం, చల్లారాక దాన్ని సన్నటి జల్లెడ మీద కుంచెతో రుద్ది రెండు మూడుసార్లు వడకట్టడం, ఉండలు లేకుండా మీగడలా అయ్యేదాకా కొద్దికొద్దిగా నీళ్లు కలుపుతూ నలపడం, ఇదే నా పని. ఆ తరువాత జపాన్ కాగితం చింపడం నేర్పారు. దాన్ని కత్తిరించకూడదు, చింపాలి. కాగితపు మల్బరీ చెట్టు నారతో చేసే ఆ పల్చటి కాగితం మీద తడి కుంచెతో ఒక గీత గీసి, ఆ తడి వెంట రెండు చేతులతో మెల్లగా లాగితే అంచు పోగులు పోగులుగా విడివడుతుంది. ఆ పోగులే పాత కాగితం చిరుగును ఎత్తుపల్లం తెలియకుండా పట్టి ఉంచుతాయి. కత్తెరతో కోసిన పట్టీ వేస్తే, కొన్నాళ్లకు ఆ పట్టీ అంచు వెంటే కాగితం మళ్లీ విరుగుతుంది. ఇక గంజినే ఎందుకు వాడాలంటే, రేపు ఇంకొకరు అవసరమై దాన్ని తడిపి ఊడదీయగలగాలి. చేసిన మరమ్మతును వెనక్కి తీసుకునే వీలుండాలన్న నియమాన్ని నేను చదివే వెళ్లాను. కానీ సాయంత్రమంతా కూర్చుని అతికించిన పట్టీ మీద మా పెద్దాయన తడి అద్దుడు కాగితం వేసి, కాసేపాగి, పాత కాగితానికి ఏ మచ్చా పడకుండా దాన్ని ఊడదీసి ‘మళ్లీ చెయ్యి’ అన్నప్పుడే ఆ నియమం నాకు నిజంగా అర్థమైంది.

కాగితం కడగడం చూసిన రోజు ఇంకా కళ్లముందే ఉంది. ముందు ప్రతి అక్షరపు రంగు మీదా ఒక్కో నీటి చుక్క పెట్టి, అద్దుడు కాగితంతో అద్ది, సిరా దిగుతోందా లేదా అని చూస్తారు. దిగదని తేలాకే ఆ తావును రెండు పల్చటి తెరల మధ్య పెట్టి గోరువెచ్చని నీటి తొట్టెలోకి దించుతారు. కాసేపటికి తావు అంచుల నుంచి తేయాకు రంగు నీటిలోకి దిగడం మొదలవుతుంది. నీళ్లు మారుస్తారు, మళ్లీ దిగుతుంది, మళ్లీ మారుస్తారు. ఎప్పుడు ఆపాలో తెలియడమే విద్య. పూర్తిగా తెల్లబడేదాకా కడుగుదామన్న ఆశ నాలాంటి కొత్తవారికి సహజం. కానీ వయసు మీద పడ్డ కాగితం వయసును పూర్తిగా తీసేయడం బాగుచేయడం కిందికి రాదని అక్కడ గట్టిగా నమ్ముతారు.

ఈ నమ్మకం ఆ నాలుగు గోడల మధ్య పుట్టలేదు. సాంతా క్రోచేలో పదమూడో శతాబ్దపు చిత్రకారుడు చిమబూయే గీసిన పెద్ద శిలువ చిత్రం ఆ వరదలో రంగులో సగానికి పైగా కోల్పోయింది. పోయిన ముఖాన్ని, పోయిన ఒంటిని ఊహించి మళ్లీ గీయవద్దని నిర్ణయించుకున్న ఫ్లోరెన్స్ నిపుణులు, ఆ ఖాళీల్లో సన్నటి రంగు గీతల అల్లిక మాత్రం వేశారు. దూరం నుంచి చూస్తే కన్ను ఎక్కడా ఆగిపోకుండా చిత్రమంతా ఒకటిగా నిలుస్తుంది. దగ్గరికి వెళితే ఏది పాతదో ఏది మనవాళ్లు వేసిందో దాపరికం లేకుండా తెలుస్తుంది. అదే చర్చికి చెందిన, పదహారో శతాబ్దపు చిత్రకారుడు వజారీ గీసిన ‘చివరి విందు’ ఐదు చెక్క పలకల మీద వేసిన చిత్రం. తడిసిన ఆ పలకలను ఏం చేయాలో ఆనాడు ఎవరికీ తెలియలేదు. తెలియనప్పుడు చేయి పెట్టకూడదని దాన్ని దశాబ్దాల పాటు భద్రపరిచారు. పద్ధతులు పరిణతి చెందాక ఓపిఫీచో దెల్లె పియెత్రె దూరె అనే ప్రభుత్వ సంస్థ దాన్ని బాగుచేసి 2016లో, అంటే సరిగ్గా 50 ఏళ్లకు, సాంతా క్రోచేకు తిరిగి చేర్చింది. 1588లో మెదిచీ పాలకులు రంగురాళ్ల పొదుగు పని కోసం పెట్టిన కార్ఖానాయే ఈనాటి ఆ సంస్థ. ఇరవై ఏళ్ల వయసులో, ‘ఈ త్రైమాసికంలో ఏం పూర్తి చేశావు’ అన్న ప్రశ్నకు అలవాటుపడుతున్న కాలంలో, తమ తరం పూర్తి చేయలేని పనిని సిగ్గుపడకుండా తరువాతి తరానికి అప్పగించే మనుషుల మధ్య ఆరు నెలలు గడపడం నాకు పెద్ద చదువు.

నేను పనికి రోజూ నడిచే వెళ్లేదాన్ని. కొన్నిసార్లు కావాలనే వంతెన చుట్టూ తిరిగి సాన్ రెమీజో వీధి మీదుగా వెళ్లేదాన్ని. ఆ వీధి మూలన గోడ మీద ఒక పాత రాతిపలక ఉంటుంది. అందులో చెక్కిన ఒక చెయ్యి, వేలు చాపి, అలల గీతను చూపిస్తూ ఉంటుంది: 1333 వరదలో నీరు ఇక్కడి దాకా వచ్చిందని. అది కూడా నవంబరు 4వ తేదీయే. తలెత్తి చూస్తే దానికి పైన ఇంకో పలక, 1966 నాటిది. ఒకే గోడ మీద ఆరు శతాబ్దాల ఎడంతో ఒకే తేదీన వచ్చిన రెండు వరదల గుర్తులు. ఆ గోడ కింద నిలబడి, ఆ పూట నా బల్ల మీద నా కోసం ఎదురుచూస్తున్న బురద మరక కాగితం గుర్తుచేసుకుంటే, చేసే పనికి కారణం ఎవరూ వివరించనక్కర్లేదు. పర్యాటకులు ఆ మూల మీదుగా వందల మంది పోతుంటారు. వాళ్లకు అది ఒక ఫొటో. నాకు ఆ రోజు పని ఆదేశం.

ఇంత సంపద ఒకే ఊళ్లో ఎలా మిగిలిందన్న ప్రశ్న నన్ను అక్కడున్నన్నాళ్లూ వెంటాడింది. 1737లో, మెదిచీ వంశంలో చివరిదైన ఆనా మరియా లుయీసా కొత్త పాలకులతో ఒక ఒప్పందం చేసుకుంది. వంశం కూడబెట్టిన చిత్రాలు, శిల్పాలు, పుస్తకాలు రాజ్యానికి అలంకారంగా, ప్రజల ఉపయోగార్థం, విదేశీయుల ఆసక్తి కోసం అక్కడే ఉండాలని, వాటిని నగరం దాటించరాదని అందులో రాయించింది. ఉఫీజీ గ్యాలరీ ఈనాటికీ అలా ఉందంటే చాలావరకు ఆ కాగితం చలవే. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియంలలో ప్రవేశం అందరికీ ఉచితం, కాబట్టి చేతిలో డబ్బు తక్కువగా ఉన్న ఇంటర్న్‌కు కూడా ఒకే చిత్రాన్ని ఆరుసార్లు చూసే వీలుంటుంది. మూడు రోజుల యాత్రికుడు వంద చిత్రాలు చూస్తాడు. ఒకే చిత్రాన్ని ఆరు నెలల్లో ఆరుసార్లు చూడటం వేరు.

ఇదంతా చరిత్ర, కళలు చదివేవారికే అనుకుంటారేమో. సైన్సు విద్యార్థులు ఈ ఊరిని వదులుకోవడం నాకు ఎక్కువ బాధగా ఉంది. వరద తరువాత గోడచిత్రాల్లో లవణాలు పెరిగి రంగు పొడిపొడిగా రాలిపోతుంటే, ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త ఎంజో ఫెర్రోనీ బేరియం హైడ్రాక్సైడ్‌తో గోడను మళ్లీ గట్టిపరిచే పద్ధతిని రూపొందించారు. ఆ పరిశోధన సంప్రదాయం నుంచే తరువాత సున్నపు నానో కణాలతో గోడచిత్రాలకు చికిత్స చేసే పద్ధతి వచ్చింది. సివిల్ ఇంజినీరింగ్ వారికైతే కేథడ్రల్ గుమ్మటమే ఉంది: 1420లో మొదలై 1436కి పూర్తయిన ఆ కట్టడాన్ని వాస్తుశిల్పి బ్రునెలెస్కీ నేల నుంచి చెక్క ఆధారం నిలపకుండా లేపాడు, దాని పగుళ్లను 1980ల చివరి నుంచి పరికరాలు నిరంతరం కొలుస్తూనే ఉన్నాయి.

భాష గురించి ఒక్క మాట. ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చని చెప్పేవారి మాట నమ్మవద్దు. ఆఫీసులో నెట్టుకురావచ్చేమో కానీ పని బల్ల దగ్గర కుదరదు. ‘పియానో, పియానో’ అంటే మెల్లగా, మెల్లగా అని. ఆ మాటను రోజుకు ఇరవైసార్లు విన్నాను, దాని స్వరాన్ని బట్టి అది మందలింపో మెచ్చుకోలో పోల్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. వెళ్లే ముందే ప్రాథమిక స్థాయి ఇటాలియన్ నేర్చుకుని ఉంటే ఆ రెండు నెలలు మిగిలేవి.

కష్టాలు దాచడం న్యాయం కాదు. కాలేజీ చదువులో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్‌కు ఇటలీలో జీతం ఇవ్వాలన్న నిర్బంధం లేదు. చదువు పూర్తయ్యాక చేసే దానికి భత్యం ఇవ్వాలని 2013 నాటి జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి, నెలకు కనీసం 300 యూరోలుగా పెట్టాయి. ఫ్లోరెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతం అంతకన్నా ఎక్కువ పెట్టింది. ఏదేమైనా ఊరి నడిబొడ్డున గది అద్దెకు అది చాలదు. పాత నగరంలో ఇళ్లు పర్యాటకుల స్వల్పకాలిక అద్దెలకు వెళ్లిపోవడం వల్ల, కొత్తగా అలాంటి అద్దెలకు ఇవ్వకుండా 2023లో నగర పాలక మండలి ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. జీతంలేని ఇంటర్న్‌షిప్‌లను నిషేధించాలని యూరోపియన్ పార్లమెంటు అదే ఏడాది తీర్మానించింది. నాకు ఇంటి నుంచి డబ్బు రాకపోతే నేను ఆ ఆరు నెలలు ఉండగలిగేదాన్ని కాదు. అర్హత ఉండి కూడా ఆ ఆసరా లేనివారు ఈ దారిలో రాలేకపోవడం అన్యాయం.

ఇంకో జాగ్రత్త. నాతో చదివిన ఒకమ్మాయి ఒక ఏజెన్సీకి పెద్ద మొత్తం కట్టి ‘మ్యూజియం ఇంటర్న్‌షిప్’ అని వెళితే, తీరా అక్కడ ఇచ్చింది జ్ఞాపికల దుకాణంలో కౌంటర్ పని. అసలైన ఇంటర్న్‌షిప్‌కు ఏం నేర్పుతారో, ఎవరు నేర్పుతారో, ఎన్ని గంటలో రాసిన శిక్షణ ప్రణాళిక ఉంటుంది. చదువు ముగించుకుని మన దేశం నుంచి ఇంటర్న్‌గా వెళ్లేవారి విషయంలో ఆ ప్రణాళికను అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం ఆమోదించాకే వీసా ఇస్తారు. ఆ కాగితం చూపించలేనివారికి ఒక్క రూపాయి కూడా కట్టవద్దు. మూడు నెలలకు మించి ఉండేవారు దిగిన 8 పనిదినాల్లో నివాస అనుమతికి పోస్టాఫీసులో దరఖాస్తు పెట్టాలన్నది కూడా నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు, ఏడో రోజున తెలిసి పరుగెత్తాను.

మీ విద్యా పేజీలో సాఫ్ట్‌వేర్, మేనేజ్‌మెంట్ ఇంటర్న్‌షిప్‌ల పక్కన గ్రంథాలయాలు, దస్తావేజు భాండాగారాలు, మ్యూజియంల ప్రయోగశాలలు, చేతిపని వర్క్‌షాపుల్లో ఉన్న అవకాశాలకు కూడా వారానికో మూల కేటాయించాలని కోరుతున్నాను. అలాంటి చోట్లకు దరఖాస్తు ఉత్తరం ఎలా రాయాలో, శిక్షణ ప్రణాళికలో ఏం చూసుకోవాలో చెప్పే వ్యాసం మీరు వేయదలిస్తే, నా దగ్గరున్న నమూనా కాగితాలు పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు