పెంపుడు జంతువులున్న ఇంట్లో ఏ మొక్కలు?

సంపాదకులకు నమస్కారం.

విజయనగరంలో నర్సరీకి వెళ్లినా, కడియం మొక్కల బండి వీధిలోకి వచ్చినా మనం అడిగేది ఎండ ఎంత కావాలి, నీళ్లెన్ని పోయాలి అన్న రెండు ప్రశ్నలే. ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే ఆ మొక్క తగునా అని అడిగేవారూ చెప్పేవారూ అరుదు. కిటికీకి పాకించే మనీప్లాంటు, హాలు మూలన నిలిపే డిఫెన్‌బాకియా ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. వాటిని కొరికిన పిల్లి చొంగ కారుస్తూ, ముందు కాళ్లతో మూతి రుద్దుకుంటూ, ఎదుట పెట్టిన తిండి కూడా ముట్టదు. ఇది బాధే గాని, సాధారణంగా ప్రాణాపాయం కాదు. బొకేల్లో వచ్చే ఈస్టర్, ఏషియాటిక్ లిల్లీల సంగతి వేరు: ఒంటికంటిన పుప్పొడిని నాకినా పిల్లి మూత్రపిండాలు పాడైపోవచ్చు. అలంకారానికి పెంచే సైకాస్ గింజలు నమిలితే కుక్క కాలేయం దెబ్బతింటుంది. మందు మొక్కే కదా అని మనం నమ్మే కలబంద సైతం వాటికి వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది.

అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, కలాథియా, స్పైడర్ ప్లాంట్ ఈ జంతువులకు విషం కావు. అయితే స్పైడర్ ప్లాంట్ ఆకులను పిల్లులు ఇష్టంగా కొరుకుతాయి కనుక వేలాడే కుండీలో పెంచడం మేలు.

నర్సరీల వారు కుండీకి కట్టే ధర చీటీపైనే ఈ హెచ్చరిక తెలుగులో రాయాలని, పశుసంవర్ధక, ఉద్యాన శాఖలు ఇటువంటి మొక్కల జాబితాను బొమ్మలతో సహా పశువైద్యశాలల్లో ప్రదర్శించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయనగరం