మాత్రలు ఆపొద్దు మావా

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ప్రియమైన మావా,

నిన్న నీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. "రెండు నెలల నుంచి రక్తం లేదు, కడుపు హాయిగా ఉంది, ఇక మాత్రలు ఆపేసి తిండితోనే చూసుకుంటాను" అని నువ్వు ఎంత సంబరంగా అన్నావో, నాకు అంత భయం వేసింది. అప్పుడే చెబుదామంటే పక్క గదిలో అమ్మ పడుకుంది. పైగా ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కాగితం తీశాను. ఓపిగ్గా చదువు.

నీకు అల్సరేటివ్ కొలైటిస్, అదే పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు, అని తేలి మూడు నెలలు. నాకు ఆరేళ్లు దాటింది. ఇన్నేళ్లూ నీతో కూడా "కడుపు బాగోలేదురా" అనేసి మాట దాటేశాను. సిగ్గు వేసేది. రోజుకి పన్నెండుసార్లు పాయిఖానాకి వెళ్తున్నానని, రక్తం, జిగట పడుతున్నాయని ఎవరితో చెప్పుకోవాలి? మొదట్లో మొలలు అన్నారు. మొలల మందు వాడాను. తర్వాత అమీబా అన్నారు, మాత్రల కోర్సు మీద కోర్సు వాడాను. ఐదు నెలలు అలా పోయాయి. అరవై నాలుగు కిలోల మనిషిని యాభై రెండుకి దిగాను. చివరికి విశాఖలో పెద్దపేగు లోపలికి గొట్టం వేసి చూశారు. మలద్వారం దగ్గర నుంచి పైకి, ఎడమ వైపు పేగంతా ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాకే జబ్బుకో పేరు దొరికింది. ఆ రోజు ఇంటికొచ్చి చెబితే అమ్మ, "పేగు పుండైపోనాదేటి నాన్నా" అని నా పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చుంది.

మందులు మొదలెట్టాక నాకూ నీలాగే రెండు నెలల్లో తేలికైపోయింది. ఎనిమిది నెలలు బుద్ధిగా వేసుకున్నాను. తర్వాత ఆపేశాను. ఎందుకు ఆపానో చెబితే నీకు వెంటనే అర్థమవుతుంది, నువ్వూ ఉద్దానం వాడివే కదా. కిడ్నీ జబ్బుల మన ఊళ్లలో క్రియాటినిన్ అన్న మాట, కిడ్నీ ఎలా ఉందో చెప్పే ఆ రక్తపరీక్ష, బడిపిల్లలకి కూడా తెలుసు. మా పెదనాన్న డయాలసిస్ మీద ఉండి పోయాడు. అమ్మకి రోజూ అదే బెంగ: "ఇన్నేసి మాత్రలు మింగితే కిడ్నీలు ఉంటాయేటి?" ఆ మాట నా బుర్రలోనూ దిగింది. డాక్టరుగారిని ఒక్క మాట అడగలేదు. వేసవి సెలవుల్లో మాత్రల డబ్బా బీరువాలో పెట్టేశాను. జూన్, జులై, ఆగస్టు ఏమీ కాలేదు. మందు లేకపోయినా బాగానే ఉన్నానని పొంగిపోయాను.

దసరా సెలవులకి ఊరు వెళ్తున్నాను. శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సెక్కినప్పుడు బాగానే ఉంది. నరసన్నపేట దాటాక కడుపులో మెలి తిప్పింది. కోటబొమ్మాళి ఇంకా రాలేదు. ముందు సీటు కడ్డీ రెండు చేతులా పట్టుకుని, చెమటలు కారుతుంటే పళ్లు బిగబట్టాను. ఇక ఆగదని కండక్టరుతో చెప్పి హైవే మీద దిగిపోయాను. రోడ్డు పక్కన పెంకుటిల్లు. గుమ్మంలో ఒకావిడ చేటలో బియ్యం ఏరుతోంది. నా మొహం చూసి ఏమీ అడగలేదు. పెరట్లోకి చెయ్యి చూపించి, నా వెనకాలే బకెట్టుతో నీళ్లు తెచ్చి తడిక బయట పెట్టి వెళ్లిపోయింది. లోపల చూసుకుంటే అంతా రక్తమే. బయటికొచ్చేసరికి ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు గ్లాసుతో ఇచ్చింది. ఆవిడ పేరు కూడా అడగలేదు మావా. ఇప్పటికీ ఆ దారిలో వెళ్లినప్పుడల్లా ఆ ఇంటి వైపు చూస్తాను.

ఆ తర్వాత ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మీద పడ్డాను. రోజుకి 40 మిల్లీగ్రాములతో మొదలెట్టి వారానికి 5 చొప్పున తగ్గించుకుంటూ వచ్చారు. దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆ రోజుల్లో తగ్గిపోయి ఉంటుంది, అది మళ్లీ పుంజుకోవడానికి టైమివ్వాలి. మొహం గుండ్రంగా ఉబ్బింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. అయినదానికీ కానిదానికీ అమ్మ మీద విసుక్కునేవాణ్ని. ఎముకలకని కాల్షియం, విటమిన్ డి కూడా ఇచ్చారు. రక్తం పోయి హిమోగ్లోబిన్ పడిపోతే ఐరన్ ఎక్కించారు. కిడ్నీకి భయపడి రెండు మాత్రలు మానేసినందుకు ఇన్ని మందులు మింగాల్సి వచ్చింది.

కిడ్నీ సంగతి అప్పుడు అడిగాను. డాక్టరుగారు కోప్పడలేదు. మనం వేసుకునే ఈ మెసాలమైన్ మాత్ర వల్ల కిడ్నీకి వాపు రావడం ఉంది గానీ చాలా అరుదన్నారు. అందుకే మందు మొదలెట్టే ముందు ఒకసారి, తర్వాత కొన్ని నెలలకి, ఆపైన ఏడాదికి ఒకసారైనా క్రియాటినిన్ చూడాలన్నారు. మనది ఉద్దానం అని చెబితే ఇంకాస్త తరచుగా చూద్దామన్నారు. ఆ కాగితాలన్నీ ఫైల్లో వరసగా పెట్టాను, అమ్మ వాటిని చూశాకే స్థిమితపడింది. నువ్వూ చేయించుకో, ఆ భయంతో మాత్రం ఆపకు. అసలు మానాల్సింది నడుంనొప్పికి నువ్వు మింగే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి పెయిన్ కిల్లర్లు. అవి కిడ్నీకీ మంచివి కావు, మన పేగునీ రేపుతాయి. నొప్పయినా జ్వరమైనా పారాసెటమాల్ వేసుకో.

బాగున్నప్పుడు కూడా మాత్ర ఎందుకంటావు కదా. ఈ మందు కథ తెలిస్తే నీ అనుమానం తీరుతుంది. 1940 ప్రాంతంలో స్వీడన్‌లో నన్నా స్వార్ట్జ్ అనే డాక్టరమ్మ కీళ్లవాతానికని సల్ఫాసలజిన్ తయారు చేయించింది. అది ఇచ్చిన వాళ్లలో కొందరికి పేగు పుండ్లు తగ్గాయి. ఆ మందు పెద్దపేగులోని సూక్ష్మజీవుల వల్ల రెండు ముక్కలవుతుంది. వాటిలో ఏ ముక్క పనిచేస్తోందో చాలాకాలం తేలలేదు. 1977లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆజాద్ ఖాన్ అనే బంగ్లాదేశ్ డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు కలిసి ఆ ముక్కల్ని విడివిడిగా ఎనిమాలో, అంటే మలద్వారం గుండా ఎక్కించి, చూశారు. గుణం చూపించిన ముక్కే నువ్వూ నేనూ మింగే మెసాలమైన్. అది పనిచేసేది ఎక్కువగా పేగు పొరకి తగిలిన చోటే. గాయానికి పైపూత మందు రాసినట్టు అనుకో. ఇవాళ రాసింది ఇవాళ్టికే. పుండు మానినా జబ్బుని మళ్లీ రేపే గుణం ఒంట్లో అలాగే ఉంటుంది, దాన్ని అణిచిపెట్టడానికే రోజూ వేసుకోవడం. మాత్ర మీద పూత ఉండేది కూడా పైన కరిగిపోకుండా కింద పేగు దాకా చేరడానికే. నలపకు, కొరకకు. నేను పొద్దున్న పళ్లు తోముకోగానే రెండు మాత్రలు, మొత్తం 2.4 గ్రాములు, ఒకేసారి వేసేసుకుంటాను. రోజుకి మూడుసార్లయితే బళ్లో మర్చిపోతున్నానని చెబితే డాక్టరుగారే అలా మార్చారు. నీ మోతాదు ఎంతో మీ డాక్టరుని అడుగు, నాది చూసి వేసుకోకు.

ఎనిమా రాశారని ముఖం చిట్లించావని మీ ఆవిడ చెప్పింది. ఎడమ వైపు కింది పేగుకి అంత నేరుగా మందు చేరే దారి ఇంకోటి లేదు. పడుకునే ముందు సీసా బాగా కుదిపి, కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచు. ఎడమ పక్కకి తిరిగి, కుడి మోకాలు ముడుచుకుని, నెమ్మదిగా నొక్కు. పాత లుంగీ కింద పరుచుకో. మొదటి రెండు రాత్రులు నిలవదు. మూడో రాత్రికి నిలుస్తుంది. నాకు వారంలో రక్తం ఆగింది దీనితోనే.

ఇక తిండి. తిండితోనే తగ్గించేస్తానన్నావు. ఏ ఒక్క తిండీ ఈ జబ్బుని మందు లేకుండా కట్టేయలేదు మావా. కానీ తిండి పనికిరానిదని కాదు. జబ్బు రేగిన రోజుల్లో నన్ను నిలబెట్టింది అమ్మ వంటే. ఆనపకాయ చెక్కు తీసి, లోపలి గింజలూ బెండూ తీసేసి, పెసరపప్పులో మెత్తగా ఉడికించేది. పోపులో మిరపకాయ వేయకుండా కాస్త జీలకర్ర, ఇంగువ. మెత్తటి అన్నంలో అది కలిపి, చెంచాడు నెయ్యి. సాయంత్రం పల్చటి మజ్జిగ, బాగా పండిన అరటిపండు. ఉడికించిన గుడ్డు రోజూ ఒకటి. బారువ నుంచి చేపలొస్తే కారం తగ్గించి పులుసు. రక్తం పోతున్నప్పుడు మాంసకృత్తులు తగ్గితే మనిషి ఇంకా పీక్కుపోతాడు, అందుకని పథ్యం పేరుతో కడుపు మాడ్చుకోకు. పాలు నాకు పడలేదు, పెరుగు పడింది. నీకు పాలు పడతాయేమో, చూసుకుంటే గానీ తెలియదు.

చోడి అంబలి, అదే రాగి అంబలి, కోసం ప్రాణం కొట్టుకునేది. రేగినప్పుడు దాని పొట్టు నాకు పడలేదు. తగ్గాక అమ్మ చోడిపిండి పల్చటి గుడ్డలో జల్లించి, బాగా ఉడికించి, మజ్జిగ పోసి అరగ్లాసు ఇచ్చింది. ఆ రోజు ఏమీ కాలేదు. వారం పోయాక గ్లాసు నిండా ఇచ్చింది. అలా ఒక్కొక్కటీ వెనక్కి తెచ్చుకున్నాను. నోటుబుక్కులో ఏం తిన్నానో, ఎన్నిసార్లు వెళ్లానో రాసుకునేవాణ్ని. అది తిప్పి చూస్తే, నేను తప్పంతా మోపిన వంకాయ ఏ పాపమూ చేయలేదని, పొద్దున్నే పరగడుపున తాగే చిక్కటి టీయే మెలిపెడుతోందని తెలిసింది. ఇప్పుడు పనసపొట్టు కూర కొంచెం తింటాను. కూరగాయలన్నీ తింటాను. బాగున్న రోజుల్లో కూడా గంజితోనే గడపకు, అన్నీ తినాలి. పచ్చి మిరపకాయ బజ్జీ, నిల్వ పచ్చడి మాత్రం నాకు ఇప్పటికీ పడవు.

ఒకటి గుర్తుపెట్టుకో. కడుపు హాయిగా ఉందంటే పేగు మానిపోయిందని కాదు. మలంలో కాల్ప్రొటెక్టిన్ పరీక్ష చేయించు. వాపు ఉన్నచోటికి చేరే తెల్లరక్తకణాల నుంచి వచ్చే ప్రోటీన్ అది. మామూలుగా 50 లోపు ఉండాలి. ఒంట్లో ఏ బాధా లేని రోజున నాకు 300 దాటింది. డాక్టరుగారు అప్పుడే మోతాదు పెంచారు, రేగకుండానే అణిగింది. ఇంకోటి, జబ్బు మొదలై ఎనిమిదేళ్లు నిండితే క్యాన్సర్ జాడ ఉందేమోనని పేగు మళ్లీ చూడాలట. నాకు దగ్గర్లోనే ఉంది.

దేవుడి దయ వల్ల నీకు ఆ అవసరం రాకూడదు గానీ, రోజుకి ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ రక్తంతో వెళ్లడం, దాంతో పాటు జ్వరం, గుండెదడ ఉంటే తెల్లారేదాకా ఆగకు. ఆ రాత్రే ఆసుపత్రిలో చేరు. నాకు ఫోన్ చేయి, ఏ వేళయినా సరే, దొరికిన రైలెక్కి వచ్చేస్తాను.

సంక్రాంతికి ఊరు వస్తానన్నావు కదా. కాంప్లెక్సులో నిన్ను కలుస్తాను. ఈసారి బస్సులో కాదు, మా తమ్ముడి కారులో వెళ్దాం, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. అమ్మతో చెప్పాను. నీకు కూడా ఆనపకాయ పప్పు విడిగా వండుతానంది, గింజలు తీసే. అరిసెలు రెండు తినొచ్చు. మాత్రలు పది రోజులకి సరిపడా తెచ్చుకో, అవి మన ఊళ్లో దొరకవు.

ఈ ఉత్తరం అందగానే ఒక్క ఫోన్ చెయ్యి. ఇవాళ్టి మాత్ర వేసుకున్నావో లేదో చెప్పు, చాలు.

నీ,
మావ