'ఆఫ్రో బ్లూ' మోంగో సాంటామరియాది

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో జాజ్ గురించి వేసిన పూర్తి పేజీ వ్యాసం చదివాను. ఈ సంగీతానికి తెలుగు పత్రికల్లో ఇంత చోటు దొరకడం అరుదు. అందుకు నాకు చాలా సంతోషం. కానీ అందులో 'జాన్ కోల్‌ట్రేన్ స్వరపరిచిన ఆఫ్రో బ్లూ' అని రాశారు. కోల్‌ట్రేన్ గొప్ప అమెరికన్ శాక్సఫోన్ వాద్యకారుడే, కానీ ఆ మాట తప్పు. ఆ బాణీ కట్టింది క్యూబాకు చెందిన కాంగా (చేతులతో వాయించే పొడవాటి డ్రమ్ము) వాద్యకారుడు మోంగో సాంటామరియా. నేను ఆర్కెస్ట్రాల్లో చాలా ఏళ్లుగా కాంగా వాయిస్తున్నాను. ఈ పొరపాటు ఇంతకుముందు కూడా చాలాచోట్ల చూశాను. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు.

తేదీలు చూస్తేనే విషయం తేలిపోతుంది. 1959 ఏప్రిల్ 20న కాలిఫోర్నియాలోని కార్మెల్ పట్నంలో, సన్‌సెట్ ఆడిటోరియంలో, వైబ్రాఫోన్ (లోహపు పలకల వాద్యం) వాయించే కాల్ జేడర్ బృందం కచేరీ చేసింది. అందులో కాంగా మోంగోది. ఆ కచేరీలో వాయించిన 'ఆఫ్రో బ్లూ' రికార్డయింది. అదే ఏడాది ఫాంటసీ కంపెనీ తెచ్చిన 'మోంగో' అనే ఎల్పీలో ఆయన దాన్ని తన సొంత పేరు మీద మళ్లీ వాయించారు. ఆస్కార్ బ్రౌన్ జూనియర్ దానికి మాటలు రాస్తే, గాయని ఆబీ లింకన్ 1959లోనే పాడారు కూడా. కోల్‌ట్రేన్ న్యూయార్క్‌లోని బర్డ్‌లాండ్ క్లబ్బులో వాయించి రికార్డు చేసింది 1963 అక్టోబర్‌లో. అప్పటికి ఆ బాణీ పుట్టి నాలుగేళ్లు దాటింది.

కోల్‌ట్రేన్‌ను తగ్గించాలని నేను ఇది రాయడం లేదు. ఆయన సొప్రానో శాక్సఫోన్, వెనక ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఎక్కువమంది ఆ రికార్డు ద్వారానే ఈ బాణీ విన్నారు కాబట్టి అది ఆయనదే అనుకుంటారు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి వినండి. మోంగో రికార్డులో ఒక ఆవర్తంలో పన్నెండు మాత్రలు ఉంటాయి. లెక్క నాలుగు దెబ్బల మీద నడుస్తుంటే, బాస్ మాత్రం అదే నిడివిలో సమంగా ఆరు దెబ్బలు వేస్తూ పోతుంది. అంటే రెండు పడే చోట మూడు పడతాయి. చేత్తో నాలుగు కొడుతూ కాలితో ఆరు వేసి చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో పాటు క్యూబా చేరిన లెక్క అది. ఆ పైన వేణువు తేలికగా సాగిపోతుంది. కోల్‌ట్రేన్ చేసిందల్లా అడుగున ఉన్న మూడును పైకి తెచ్చి, దాన్నే అసలు నడకగా పట్టుకుని, వేగం పెంచడం. అదీ గొప్ప పనే. అయితే ఆ మూడూ రెండూ ముడిపడిన నడకను ముందుగా బాణీలో పెట్టింది కాంగా వాయించే మనిషి. చర్మవాద్యం వాయించేవాడు తాళం వేస్తాడే గానీ బాణీ కట్టడు అనే అభిప్రాయం మనలో ఎక్కడో పాతుకుపోయింది. ఈ పొరపాటు పదేపదే జరగడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఇదే మోంగో జీవితంలో దీనికి సరిగ్గా తిరగబడిన ఉదాహరణ ఒకటి ఉంది. 1962 చివర్లో ఆయన బృందంలో కొద్దిరోజుల పాటు పియానో వాయించడానికి హెర్బీ హాన్‌కాక్ అనే కుర్రాడు వచ్చారు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో ఒక క్లబ్బులో, విరామ సమయంలో, హాన్‌కాక్ తన 'వాటర్‌మెలన్ మ్యాన్' వాయించి చూపించారు. మోంగో కాంగా అందుకున్నారు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే కలిశారు. అక్కడ ఉన్న జనం లేచి డాన్స్ మొదలుపెట్టారు. ఆ బాణీని మోంగో వెంటనే రికార్డు చేశారు. 1963లో అది అమెరికాలో జనాదరణ పొందిన పాటల బిల్‌బోర్డ్ పట్టికలో 10వ స్థానం దాకా వెళ్లింది. హాన్‌కాక్ సొంత రికార్డు కంటే మోంగో రికార్డే జనంలోకి ఎక్కువ వెళ్లింది. అయినా 'వాటర్‌మెలన్ మ్యాన్' మోంగో రాశారని ఎవరైనా రాస్తారా? ఎవరూ రాయరు, రాయకూడదు కూడా. పియానో వాద్యకారుడికి దక్కిన ఆ న్యాయం కాంగా వాద్యకారుడికి ఎందుకు దక్కదు?

మోంగో ఎక్కడి నుంచి వచ్చారో కూడా మీ పాఠకులకు తెలియాలి. హవానాలో హెసూస్ మరియా అనే పేట ఉంది. వీధుల్లో రుంబా (డ్రమ్ములతో సాగే క్యూబా పాట, ఆట) వినిపించే పేట. ఆయన పుట్టి పెరిగింది అక్కడే. తల్లి వయొలిన్ నేర్పించాలనుకుంది, ఆయన మనసు డ్రమ్ముల మీదికి పోయింది. కొన్నాళ్లు పగలు ఉత్తరాలు పంచే ఉద్యోగం, రాత్రి వాద్యం. 1950లో న్యూయార్క్ చేరి బృంద నాయకుడు పెరెజ్ ప్రాదో దగ్గర, తర్వాత 1957 వరకు మరో బృంద నాయకుడు టిటో పుయెంటే దగ్గర వాయించారు. పుయెంటే బృందంతో చేసిన 'టాప్ పెర్కషన్' ఆల్బమ్ నిండా చర్మవాద్యాలే. కాంగా నేర్చుకునే పిల్లలకు నేను ముందు వినిపించేది అదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మాత్రం 1960లో హవానా వెళ్లి అక్కడి వాద్యకారులతో, గాయకులతో కలిసి చేసిన రికార్డులు. అప్పటికి క్యూబాలో విప్లవం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఆ తర్వాత అమెరికా, క్యూబాల మధ్య రాకపోకలు దాదాపు తెగిపోయాయి. అందులో ఒకటి 'బెంబే' అనే రికార్డు. ఆఫ్రికా నుంచి క్యూబాకు వచ్చిన ఒరిషా దేవతల పాటలు మెర్సెదితాస్ వాల్దెస్ పాడుతుంటే కింద డ్రమ్ములు మాట్లాడుకుంటాయి. జాజ్ లేదు, పియానో లేదు. 'ఆఫ్రో బ్లూ' వేళ్లు ఎంత లోతుకు వెళ్లాయో అది వింటే అర్థమవుతుంది. మోంగోకు గ్రామీ అవార్డు వచ్చింది చాలా తర్వాత, 'అమనెసెర్' అనే ఆల్బమ్‌కు. 2003 ఫిబ్రవరి 1న మయామీలో కన్నుమూశారు.

మీ వ్యాసంలో ఇంకో విషయం కూడా నాకు బాధ కలిగించింది. కోల్‌ట్రేన్ బృందంలోని నలుగురి పేర్లూ శ్రద్ధగా రాశారు. క్యూబా సంగీతం దగ్గరికి వచ్చేసరికి 'లాటిన్ డ్రమ్మర్లు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చానో పోజో, తాతా గ్వీనెస్, కాందిదో కామెరో, అర్మాందో పెరాసా, పతాతో వాల్దెస్... వీళ్లలో ఎవరి వాయించే తీరు వాళ్లది. కాందిదో రెండు మూడు కాంగాలను వేర్వేరు శ్రుతుల్లో పెట్టి వాటి మీద స్వరాలు పలికించారు. తాతా గ్వీనెస్ గోళ్లతో కూడా వాయించేవారు. చానో పోజో 1947లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బృందంలో చేరి, 1948 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో కాల్పులకు బలయ్యారు. 'మాంటెకా' బాణీ కట్టినవాళ్లలో ఆయన ఒకరు. అక్కడ కూడా చాలాసార్లు గిలెస్పీ పేరు ఒక్కటే కనిపిస్తుంది.

కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో, నలుగురికీ కనిపించే చోట, ఒక సవరణ వేయండి. "ఆఫ్రో బ్లూ స్వరకర్త మోంగో సాంటామరియా. తొలి రికార్డింగ్ 1959" అంటే చాలు. వీలుంటే ఆయన రికార్డుల మీద విడిగా ఒక వ్యాసం వేయండి. మీకు పంపడానికి ఆ ఎల్పీల అట్టల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక కాంగా వాద్యకారుడు